జేబు లైటు, ఇంటి లైటు: పాయకాపురంలో కొలిచి ఎంచుకున్న ప్రాజెక్టు డైరీ

విజయవాడలో ఇల్లు పాయకాపురం, పని ఆటోనగర్. కావలసినవి రెండు లైట్లు. షెడ్డులో చాసిస్ (బండి అడుగు చట్రం) కింద దూరి చూడ్డానికి, రాత్రి బండి దిగి ఇంటి సందులో నడవడానికి జేబులో పట్టేది ఒకటి. అర్ధరాత్రి చప్పుడైనా, కరెంటు పోయినా ఇంట్లో ఎవరికైనా చటుక్కున చేతికందేది ఇంకొకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు సింగ్‌నగర్‌నీ మా వైపునీ ముంచేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. చార్జింగ్ అయిపోయిన ఫోన్ల మధ్య ఒక్క సరైన టార్చిలైటు విలువ ఏమిటో అప్పుడు మా వీధి మొత్తానికి తెలిసింది.

ఈ డైరీ చూసి ఎవరైనా అదే పని చేయాలనుకుంటే ముందు మాట ఒకటే. డబ్బా మీద ల్యూమెన్లు (లైటు ఇచ్చే మొత్తం వెలుగు) చూసి కొనకండి. ముందు మీ ఇంట్లో దూరాలు కొలవండి.

కొలతలకు వాడినవి: టేపు, మల్టీమీటరు, షెడ్డులో ఉన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు, వంటింటి డిజిటల్ కాటా, కొత్తగా కొన్న లక్స్ మీటరు (ఒక చోట పడే వెలుగును లక్స్‌లలో కొలిచేది).

ఖర్చు: లక్స్ మీటరు ₹900. ఇప్పటిదాకా ₹900.

దశ 1: దూరాలు

1. మంచం నుంచి పడకగది తలుపు: 3.4 మీటర్లు
2. హాలు మూల నుంచి వీధి తలుపు: 6.2 మీటర్లు
3. వరండా నుంచి గేటు: 7.5 మీటర్లు
4. ఇంటి పక్క సందు, మోటారు దాకా: 11 మీటర్లు
5. డాబా మీద నుంచి వీధి మలుపులో స్తంభం: 40 మీటర్లు

ఇంతే. నా జీవితంలో టార్చిలైటు పడాల్సిన అత్యంత దూరం 40 మీటర్లు. అలాంటప్పుడు డబ్బా మీద 300 మీటర్లు, 500 మీటర్లు అని ఉన్నా నాకు ఒరిగేది ఏమీ లేదు.

పైగా ఆ మీటర్ల లెక్క ఎలా వస్తుందో తెలుసుకోవాలి. పేరున్న కంపెనీలు ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ప్రకారం కొలుస్తాయి. వెలుగు 0.25 లక్స్‌కి పడిపోయే దూరాన్ని ఆ ప్రమాణంలో బీమ్ దూరం అంటారు. 0.25 లక్స్ అంటే పున్నమి వెన్నెల పాటి వెలుతురు. ఆ వెలుతురులో మనిషి ఉన్నాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు.

అందుకని లెక్క తిరగేసి వేసుకున్నాను. మా బావమరిదిని స్తంభం దగ్గర నిలబెట్టి, డాబా మీద నుంచి లైటు వేసి, అతని ముఖం దగ్గర లక్స్ మీటరు పెట్టించి చూశాను. ముఖం గుర్తుపట్టడానికి దాదాపు 5 లక్స్ పడాలి. సందులో కాళ్ళ ముందు నేల వివరంగా కనిపించాలంటే నాకు 10 లక్స్ కావాలి. ఎన్ని క్యాండెలాలు (ఒక దిక్కుకి వెలుగు ఎంత గట్టిగా పోతుందన్న కొలత) కావాలో తెలియాలంటే లక్స్‌ని మీటర్ల వర్గంతో గుణించాలి.

స్తంభానికి: 5 × 40 × 40 = 8,000 క్యాండెలా.
సందుకి: 10 × 11 × 11 = 1,210 క్యాండెలా.

ఈ రెండు అంకెలు చేతిలో ఉంటే దుకాణంలో సగం లైట్లు చూడకుండానే పక్కన పెట్టేయొచ్చు.

దశ 2: బజారు జూమ్ టార్చి

పోల్చడానికి ఒక చవక లైటు ఉండాలని వన్‌టౌన్‌లో ₹450 పెట్టి జూమ్ టార్చి తెచ్చాను. డబ్బా మీద 10,000 ల్యూమెన్లు, లోపల సెల్లు మీద 9,800 ఎంఏహెచ్ (సెల్లులో పట్టే చార్జి కొలత) అని ఉంది. కంపెనీ పేరు లేదు.

5 మీటర్ల దూరంలో గోడ మీద వేసి లక్స్ మీటరుతో కొలిచాను. జూమ్ పూర్తిగా లాగితే 500 లక్స్. అంటే 500 × 25 = 12,500 క్యాండెలా. కాగితం మీద ఇది నా 8,000 కంటే ఎక్కువే. కానీ గోడ మీద పడింది ఎల్ఈడీ చిప్పు ఆకారంలో చిన్న చతురస్రం. దాని చుట్టూ కటిక చీకటి. సందులో నడుస్తుంటే కాళ్ళ ముందు ఒక గడి కనిపిస్తుంది, పక్కనున్న మెట్టు కనిపించదు. జూమ్ వెనక్కి తోస్తే వెలుగు పరుచుకుంటుంది కానీ 11 మీటర్లకి చేరేసరికి ఏమీ మిగలదు. గిన్నె లాంటి రిఫ్లెక్టరు ఉన్న లైటులో నడుమ గట్టి వెలుగు, చుట్టూ పలచటి వెలుగు రెండూ ఒకేసారి వస్తాయి. ఇంటికి కావలసింది అదే.

సెల్లు సంగతి ఇంకా ఘోరం. 18650 సైజులో (18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు) మంచి కంపెనీలు తయారుచేసేవి ఎక్కువగా 3,500 ఎంఏహెచ్ దగ్గరే ఆగుతాయి. బరువు 45 నుంచి 50 గ్రాముల మధ్య ఉంటుంది. ఈ సెల్లు కాటా మీద పెడితే 29 గ్రాములు. తర్వాత సామర్థ్యం కొలిచే చార్జరులో వేసి చూస్తే 870 ఎంఏహెచ్ వచ్చింది. కాటా ఉన్నవాళ్ళెవరైనా ఈ పరీక్ష ఒక్క నిమిషంలో చేసుకోవచ్చు.

నీటి పరీక్ష: లోపల టిష్యూ కాగితం చుట్టి బకెట్లో అరగంట ముంచాను. కాగితం పూర్తిగా తడిసింది. ఈ లైటు పని ఇక్కడితో అయిపోయింది.

ఖర్చు: జూమ్ టార్చి ₹450, సామర్థ్యం కొలిచే చార్జరు ₹1,350. ఇప్పటిదాకా ₹2,700.

దశ 3: స్విచ్

అన్నిటికంటే ఎక్కువ సమయం దీని మీదే పెట్టాను. లైటు ఎంత గొప్పదైనా చీకట్లో, నిద్ర కళ్ళతో, టెన్షన్‌లో ఉన్న మనిషి మొదటిసారి నొక్కగానే కావలసిన వెలుగు రాకపోతే అది పనికిరానిదే.

జూమ్ టార్చి ఇక్కడా ఓడిపోయింది. నొక్కిన ప్రతిసారీ హై, మీడియం, లో, స్ట్రోబ్ (వేగంగా మిణుకుమనడం), ఎస్ఓఎస్ (సాయం కోరే సంకేతం) వరసగా తిరుగుతుంది. ఆర్పి మళ్ళీ వేస్తే తర్వాతి మోడ్ వస్తుంది. కరెంటు పోయినప్పుడు అమ్మ దాన్ని వేస్తే గది మొత్తం టపటపా కొట్టుకుంది. ఆవిడ భయపడి కింద పడేసింది.

రెండో లైటు 18650 సెల్లుతో నడిచేది, ₹2,400. వెనక తోక స్విచ్, మెడ దగ్గర మోడ్ మార్చే చిన్న బటన్. తోక స్విచ్ ఫార్వర్డ్ రకం. సగం నొక్కి పట్టుకుంటే వెలుగుతుంది, వదిలితే ఆరిపోతుంది, టక్కుమనేదాకా నొక్కితే వెలుగుతూనే ఉంటుంది. రివర్స్ రకంలో టక్కుమని నొక్కి వదిలితే గాని వెలగదు. కొనేటప్పుడు ఈ తేడా అడిగి తెలుసుకోండి. దుకాణదారుకి తెలియకపోతే స్విచ్‌ని మెల్లగా సగం నొక్కి చూస్తే మీకే తెలిసిపోతుంది.

5 మీటర్లలో 560 లక్స్. అంటే 14,000 క్యాండెలా. స్తంభం దగ్గర లెక్క ప్రకారం 8.75 లక్స్ పడాలి, అంతకు కొంచెం తక్కువే పడింది. నాకు చాలు.

మూడోది చిన్నది, 18650 కంటే పొట్టిదైన 16340 సెల్లుతో, ₹1,700. బొటనవేలంత మందం, పక్క బటన్ ఒక్కటే, తోకలో అయస్కాంతం. 5 మీటర్లలో 96 లక్స్, అంటే 2,400 క్యాండెలా. సందుకి దాదాపు 20 లక్స్ ఇస్తుంది, నేను అనుకున్నదానికి రెట్టింపు. స్తంభానికి మాత్రం 1.5 లక్స్, చాలదు. షెడ్డులో చాసిస్‌కి అయస్కాంతంతో అంటించి రెండు చేతులతో పని చేసుకోవచ్చు. ఆ ఒక్క కారణంతో ఇది జేబు లైటుగా నిలబడింది.

తోడల్లుడి దగ్గర 18650 కంటే పెద్దదైన 21700 సెల్లు లైటు ఒకటి అడిగి తెచ్చి చూశాను. 5 మీటర్లలో 1,400 లక్స్, 35,000 క్యాండెలా. పొలం గట్ల మీద తిరిగేవాళ్ళకి అద్భుతమైన లైటు. మా ఇంట్లో 3.4 మీటర్ల గదిలో వేస్తే తెల్ల సున్నం గోడ మీంచి వెలుగు తిరిగొచ్చి నా కళ్ళకే కొట్టింది. బీరువా అద్దం మీద పడినప్పుడైతే కొద్దిసేపు నాకు తలుపు కూడా కనిపించలేదు. చీకటికి అలవాటుపడిన కళ్ళు ఒకసారి చెదిరితే మళ్ళీ పూర్తిగా కుదురుకోవడానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది.

ఆ పరీక్ష తర్వాత ఇంటి లైటుకి ఒక నియమం పెట్టుకున్నాను. మొదటి నొక్కుకి 150 నుంచి 300 ల్యూమెన్ల మధ్య రావాలి, టర్బో (లైటు ఇవ్వగల గరిష్ఠ వెలుగు) రాకూడదు. ష్యూర్‌ఫైర్ 6పి అనే పాత లైటు రెండు సీఆర్123 సెల్లతో 65 ల్యూమెన్లే ఇచ్చేది, దానితోనే పోలీసులు పని చేసేవారు. గదిలో మనిషిని గుర్తుపట్టడానికి వెయ్యి ల్యూమెన్లు అక్కర్లేదు. రెండో లైటుకి మోడ్ గుర్తుపెట్టుకునే గుణం ఉంది కాబట్టి మీడియంలో పెట్టి వదిలేశాను.

ఖర్చు: ₹2,400 + ₹1,700. ఇప్పటిదాకా ₹6,800.

దశ 4: వేడి

విజయవాడ వేసవి ఏ లైటుకైనా గట్టి పరీక్షే. బాత్రూమ్ తలుపు మూసి, లైటుని నేల మీద నిలబెట్టి, పైకప్పు మీద పడిన వెలుగు కిందికి ఎంత వస్తుందో లక్స్ మీటరుతో చూశాను. దీంతో అసలు ల్యూమెన్లు తెలియవు, వెలుగు ఎంత పడిపోతుందో తెలుస్తుంది. గది వేడి 34 డిగ్రీలు. రెండో లైటు టర్బోలో:

1. 30 సెకన్లకు: 210 లక్స్
2. 1 నిమిషానికి: 196
3. 3 నిమిషాలకు: 118, ఒంటి వేడి 51 డిగ్రీలు
4. 10 నిమిషాలకు: 96

ప్రమాణం ప్రకారం డబ్బా మీద వేసే ల్యూమెన్లు లైటు వేసిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు కొలిచినవి. ఆ తర్వాత లోపలి సర్క్యూటు వేడి చూసి వెలుగు తగ్గిస్తుంది. తగ్గించడం మంచిదే, లేకపోతే ఎల్ఈడీతో పాటు సెల్లు కూడా దెబ్బతింటుంది. మీడియంలో పెడితే రెండు గంటలకు పైగా 58 నుంచి 56 లక్స్ మధ్యే నిలిచింది. నేను కొన్నది నిజానికి ఆ మీడియం వెలుగు.

మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండి డిక్కీలో 56 డిగ్రీలు చూపించింది. చాలా లిథియం సెల్లకు వాడకంలో 60 డిగ్రీలు, చార్జింగ్‌కి 45 డిగ్రీలు హద్దు. కాబట్టి డిక్కీలో లైటు ఉంచడం మానేశాను. రేకుల షెడ్డులో మధ్యాహ్నం చార్జింగ్ పెట్టడం కూడా మానేసి రాత్రి ఇంట్లో పెడుతున్నాను.

దశ 5: సెల్లు, చార్జింగ్

మూడో లైటుకి టైప్ సీ పోర్టు ఉంది. డబ్బాలో వచ్చిన కేబుల్‌తో చార్జ్ అవుతోంది. ఫోన్ చార్జరుకి ఉన్న సీ టు సీ (రెండు కొసలా టైప్ సీ ఉన్న) కేబుల్ పెడితే కదలదు, మెదలదు. కేబుల్ మార్చాను, చార్జరు మార్చాను, అదే తీరు. మూత విప్పి సర్క్యూటు చూస్తే కారణం దొరికింది. సీసీ1, సీసీ2 పిన్నుల దగ్గర ఉండాల్సిన 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు లేవు. అవి లేకపోతే సీ టు సీ చార్జరు అవతల పరికరం ఉందని గుర్తించదు, కరెంటు ఇవ్వదు. పాత వెడల్పు పోర్టు నుంచి వచ్చే ఏ టు సీ కేబుల్‌లో ఆ పేచీ లేదు.

చేసిన పని:

1. ముందు సెల్లు బయటికి తీసి పక్కన పెట్టాను.
2. చిన్న ఎస్ఎండీ రెసిస్టర్లు రెండు, ఒక్కో సీసీ పిన్ను నుంచి గ్రౌండ్‌కి ఒక్కొక్కటి సన్నమొన సోల్డరింగ్ ఐరన్‌తో అతికించాను.
3. మల్టీమీటరుతో రెండు పిన్నుల దగ్గరా 5.1 కిలో ఓమ్స్ చూపిస్తోందని, ఐదు వోల్టుల లైనుతో షార్టు లేదని చూసుకున్నాను.
4. సెల్లు వేసి సీ టు సీ పెట్టాను. చార్జ్ మొదలైంది. 4.19 వోల్టుల దగ్గర ఆగింది.

సోల్డరింగ్ అలవాటు లేనివాళ్ళు దీని జోలికి వెళ్ళొద్దు. ఒక ఏ టు సీ కేబుల్ లైటుకి కట్టేసి ఉంచండి, అదే చాలు. వరదల్లో మనకి దొరికేది ఎవరి చార్జరో, ఎవరి పవర్‌బ్యాంకో. ఏ కేబుల్‌తోనైనా పనిచేయాలన్న పట్టుదలతోనే నేను ఇంత దూరం వెళ్ళాను.

పక్క బటన్ ఉన్న లైట్లు ఆర్పి ఉంచినా కొంచెం కొంచెం కరెంటు తాగుతాయి. మూడో లైటుకి మీటరు వరసలో పెట్టి చూస్తే 60 మైక్రో ఆంపియర్లు. ఏడాదికి 525 ఎంఏహెచ్. సెల్లు మొత్తం 650 ఎంఏహెచ్ కాబట్టి అటక మీద పెట్టి మరచిపోతే ఏడాదికి దాదాపు ఖాళీ. తోక స్విచ్ ఉన్న రెండో లైటులో ఆ నష్టం సున్నా. ఇంటి లైటుగా దాన్నే ఎంచుకోవడానికి ఇది ఇంకో కారణం.

అసలైన 18650 సెల్లు రెండు అదనంగా కొన్నాను, ఒక్కొక్కటి ₹500. ఒక్కో దానిలో 3.5 ఆంపియర్ అవర్లు, 3.6 వోల్టులు, అంటే 12.6 వాట్ అవర్లు. 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకుతో ఒక సెల్లుని దాదాపు రెండుసార్లు నింపొచ్చు. విడి సెల్లు జేబులో తాళాలతో కలిపి వేసుకోకండి, ప్లాస్టిక్ డబ్బీలో పెట్టండి. విమానం ఎక్కితే చేతిసంచిలోనే పెట్టాలి, లగేజీలో వేయకూడదు.

ఖర్చు: సెల్లు ₹1,000, రెసిస్టర్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సిలికాన్ గ్రీజు కలిపి ₹230. ఇప్పటిదాకా ₹8,030.

దశ 6: జేబు

తోక స్విచ్ లైటు జీన్స్ జేబులో వంగినప్పుడు రెండుసార్లు దానంతటదే వెలిగింది. టర్బోలో వెలిగితే గుడ్డ కాలుతుంది. తోక మూతని పావు చుట్టు వదులు చేస్తే కరెంటు తెగిపోవాలి. అయితే మరలకు అనోడైజింగ్ పూత (కరెంటు పారనివ్వని పూత) ఉంటేనే ఇది పనిచేస్తుంది. మల్టీమీటరుతో మరల మీద రెండు చోట్ల తాకించి చూడండి. బీప్ రాకపోతే పూత ఉన్నట్టే. నా దానికి ఉంది.

టాక్టికల్ అని అమ్మే లైట్ల ముందు అంచుకి పళ్ళలాంటి కోతలు ఉంటాయి. అవి జేబు కుట్లు పీకేశాయి. ఎమరీ కాగితంతో అంచులు మొద్దుబార్చాను. నేను లైటుతో ఎవరినీ పొడవబోవడం లేదు.

ఇంకో సంగతి. ఇంట్లో ఉండేది లుంగీలో. జేబే లేనప్పుడు క్లిప్పుతో పనేముంది? ఇంటి లైటుకి జేబు బదులు ఒక స్థిరమైన చోటు కావాలని అప్పుడే తేలింది.

దశ 7: పాము పరీక్ష

మా వైపు రాత్రిపూట దొంగ కంటే పాము భయమే ఎక్కువ. వానాకాలంలో నీళ్ళు చేరగానే అవి ఇళ్ళలోకి వస్తాయి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నలుపు మీద సన్నటి తెల్ల కట్లు. నల్ల నీళ్ళ పైపు ముక్కకి తెల్లదారం చుట్టి, కొబ్బరితాడు ముక్కతో పాటు తడి సందులో అక్కడక్కడా పడేసి, మా బావమరిదిని వెతకమన్నాను.

జూమ్ టార్చి నీలిరంగు వెలుగులో పైపు తడిమట్టిలో కలిసిపోయింది. మూడో లైటులో ఉన్నది 5,000 కెల్విన్ల (పగటి వెలుగుకు దగ్గరి తెలుపు), రంగులు బాగా చూపించే ఎల్ఈడీ. దాంతో కొబ్బరితాడు గోధుమరంగు, మట్టి రంగు విడివిడిగా తెలిశాయి. కానీ నేను ఊహించనిది వేరే ఉంది. లైటు కంటి ఎత్తులో పట్టుకుంటే పైపు నేలకి అంటుకుపోయినట్టు కనిపిస్తుంది. మోకాలి ఎత్తుకి దించితే దాని నీడ పక్కకి పొడుగ్గా పడి వెంటనే దొరుకుతుంది.

"బావా, కిందకి పట్టుకుంటే చవక లైటుతో కూడా కనబడుతోంది" అన్నాడు. నిజమే. ఇందుకు పైసా ఖర్చు లేదు.

స్ట్రోబ్ కూడా సందులోనే చూశాను. ఎదుటి మనిషి కదులుతున్నాడో ఆగాడో వేసినవాడికీ అంచనా దొరకదు. ఫిట్స్ ఉన్నవాళ్ళకి అలాంటి మిణుకులు ప్రమాదం. రెండో లైటులో దాన్ని మామూలు నొక్కుల వరసలోంచి తీసేసే వీలుంది, తీసేశాను.

దశ 8: ఇంట్లో చోటు, అలవాటు

మంచం పక్క గోడకి, వీధి తలుపు పక్కకి ఒక్కో కొక్కెం కొట్టాను. చీకట్లో కనిపించేలా రేడియం టేపు అంటించాను. లైటు తోకకి తాడు. అమ్మ చేతికి ఇచ్చి కళ్ళు మూసుకుని వేయమన్నాను. "ఏ వైపు నొక్కాలిరా ఇది?" అంది. మెడ బటన్, తోక బటన్ రెండూ వేలికి ఒకేలా తగులుతున్నాయి. తోక మూత అంచున చిన్న ఎం-సీల్ చుక్క పెట్టాను. ఇప్పుడు వేలు ఆ గడ్డని తడుముకుని సరిగ్గా దాని పక్కనే నొక్కుతోంది. ఆవిడ కీళ్ళకి బొటనవేలితో తోక నొక్కడమే తేలిక.

ఇంట్లో అందరం అనుకున్న పద్ధతి:

1. చప్పుడైతే ముందు ఇంట్లోవాళ్ళని పేరు పెట్టి పిలవాలి. చాలాసార్లు అది మనవాళ్ళో, పిల్లో.
2. లైటు ముందు పైకప్పు మీదికి వేయాలి. గదంతా కనిపిస్తుంది, అద్దం నుంచి కళ్ళకు కొట్టదు.
3. బయట అలికిడైతే తలుపు తీయకుండా కిటికీలోంచి వేయాలి. బయటి బల్బు స్విచ్ లోపలే ఉంది.
4. కొత్త మనిషి అయితే గడియ వేసుకుని 112కి ఫోన్. వెంటపడి వెళ్ళకూడదు.

నాలుగోది నేను పట్టుబట్టి పెట్టించాను. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. అందులోనే, రక్షణకు అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేయకూడదని కూడా ఉంది. లైటు పని ఎదుట ఎవరున్నారో చూపించడం. అంతకు మించి దాని నుంచి ఆశించి కొంటే తప్పుడు లైటు కొంటారు.

ఖర్చు: కొక్కేలు, టేపు ₹120. ఇప్పటిదాకా ₹8,150. పరీక్షలకు పోయింది తీసేసి లైట్లు రెండూ, అదనపు సెల్లు మాత్రమే లెక్కేస్తే ₹5,100.

ప్రస్తుతం

జేబులో మూడోది, కొక్కేనికి రెండోది. నెలకొకసారి తోక మరలు ఆల్కహాల్‌తో తుడిచి, రబ్బరు రింగుకి సిలికాన్ గ్రీజు పూసి, సెల్లు వోల్టేజీ చూస్తున్నాను. 3.8కి తగ్గితే చార్జింగ్. రెండోది బకెట్ పరీక్షలో అరగంట నిలిచి పొడిగా బయటపడింది. మూడోదాని పోర్టు రబ్బరు మూత రెండో ముంపులో కొద్దిగా తడి లోపలికి పంపింది. మూత అంచు వంగింది, కొత్తది దొరికేదాకా వానలో దాన్ని బయటికి తీయడం లేదు. వీధి తలుపు కొక్కెం మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. దానికి రెండోదానిలాంటిదే ఇంకొకటి తీసుకోవాలి, ఇంట్లోవాళ్ళ వేలికి రెండు చోట్లా ఒకే స్విచ్ తగలాలి.